మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్: లైన్ లెక్కలో పడని పనికి డబ్బులెవరిస్తారు?

మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అంటే బయటివాళ్ళ దృష్టిలో ఇప్పటికీ టైపింగ్ ఉద్యోగమే. డాక్టర్ చెప్పింది విని కొట్టడమే కదా అంటారు. ఇంకాస్త తెలిసినవాళ్ళైతే ఆ పని ఇప్పుడు సాఫ్ట్‌వేరే చేసేస్తోందంట, ఇంకా మనుషులెందుకు అని అడుగుతారు. ఈ రెండు మాటలకీ మూలం ఒకటే, ఈ పనిలో ఉన్నదంతా కీబోర్డు మీదే ఉందనుకోవడం. డబ్బులిచ్చే లెక్క కూడా అక్కడే మొదలైంది. స్పేసులతో కలిపి 65 క్యారెక్టర్లు అయితే ఒక లైన్, లైన్‌కి ఇంత అని రేటు. ఎన్ని లైన్లు పడితే అన్ని డబ్బులు, కొట్టకుండా ఆగితే ఆ ఆగిన టైముకి పైసా రాదు. నేనంటున్నది ఏంటంటే, పేషెంట్‌కి ఈ పనివల్ల జరిగే మేలంతా ఆ ఆగిన టైములోనే ఉంది, దానికే రేటు లేదు, ఇంకా చెప్పాలంటే ఆగినందుకు కోత కూడా పడుతుంది.

ఆగడం అంటే ఏంటో చెప్తా. ఒక డిశ్చార్జ్ సమ్మరీ వస్తుంది, ఏడెనిమిది నిమిషాల ఆడియో. డాక్టర్ డ్యూటీ చివర్లో ఎక్కడో నడుస్తూ చెప్తున్నట్టుంటుంది, వెనకాల స్పీకర్లో ఎవరినో పిలుస్తుంటారు, మధ్యలో ఒక ఆవలింత. హిస్టరీ అంతా బాగానే వెళ్తుంది, మందుల లిస్టు దగ్గరకొచ్చేసరికి మాత్రం స్పీడు అందుకుంటాడు, ఆయనకి అది రోజూ చెప్పేదే కాబట్టి. మెటోప్రొలాల్ ఫిఫ్టీనో ఫిఫ్టీయో వినిపిస్తుంది. ఇక్కడ ఎంటీకి, అంటే విని కొట్టే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షనిస్ట్‌కి, పెద్ద ఇబ్బంది లేదు, ఆ మందు మామూలుగా వాడే డోసులు 25, 50, 100 మిల్లీగ్రాములు, 15 అనేది దాదాపు వినం, కాబట్టి 50 అనే అనుకుని, పాత రిపోర్టులో ఒకసారి చూసుకుని ముందుకెళ్ళిపోవచ్చు. ఆ వెంటనే ఇన్సులిన్ గ్లార్జిన్, అదీ ఫిఫ్టీనో ఫిఫ్టీయో యూనిట్లు. ఇప్పుడు ఆ తెలివి ఏమీ పనికిరాదు, ఎందుకంటే 15 యూనిట్లు తీసుకునేవాళ్ళూ ఉంటారు, 50 తీసుకునేవాళ్ళూ ఉంటారు. కాలి కింద పెడల్‌తో వెనక్కి, మళ్ళీ ప్లే, మళ్ళీ వెనక్కి, స్పీడు తగ్గించి, సౌండు పెంచి, ఇయర్‌ఫోన్ చెవికి నొక్కిపట్టి వింటాం. ఆ పేషెంట్ అడ్మిషన్ రిపోర్టు తెరిస్తే అందులో 15 అని ఉంటుంది, సరే అదే అనుకుందామా అంటే ఇందాక రెండో పేరాలో షుగర్ కంట్రోల్ కాలేదు, డోసు పెంచాం అని ఆయనే అన్నాడు. ఎంతకి పెంచారో ఎక్కడా లేదు. ఇక తేలదు. అప్పుడు అక్కడ బ్లాంక్ వదిలి, ఆడియోలో ఎన్నో నిమిషం ఎన్నో సెకను దగ్గరుందో రాసి, డాక్టర్ చూసుకోమని ఫ్లాగ్ పెట్టి పంపాలి. ఇదంతా చేసిన టైములో ఎన్నో లైన్లు పడేవి, ఇక్కడ పడింది రెండంకెల జాగా, అదీ ఖాళీది.

ఆ రెండంకెలు ఎంత పని చేస్తాయో చెప్పడానికి అమెరికాలో అలబామా రాష్ట్రంలో జరిగింది చాలు. ఒక పేషెంట్‌కి డాక్టర్ చెప్పిన ఇన్సులిన్ డోసు 8 యూనిట్లు, డిశ్చార్జ్ సమ్మరీలో అది 80 అయ్యింది. ఆమె ఆస్పత్రి నుంచి ఇంకో సెంటర్‌కి వెళ్ళింది, అక్కడ ఆ తప్పు డోసే ఇచ్చారు, 2008లో చనిపోయింది. ఆస్పత్రి ఆ ట్రాన్స్‌క్రిప్షన్‌ని బయటి కాంట్రాక్టర్‌కి ఇస్తే, ఆ కాంట్రాక్టర్ వేరే దేశంలో సబ్ కాంట్రాక్టుకి ఇచ్చాడు. 2012లో జ్యూరీ 140 మిలియన్ డాలర్లు కట్టమంది. ఇది గుర్తుచేసినప్పుడల్లా అవుట్‌సోర్సింగ్ మీద, ఆ దేశంవాళ్ళ మీద చర్చ మొదలవుతుంది. నాకు మాత్రం ఏ దేశంలో కూర్చుని కొట్టారన్నది రెండో విషయమే. ఒక్క సున్నా దగ్గర ఆగి, ఇదేంటి ఇంత డోసేంటి అని అడ్మిషన్ రిపోర్టు తీసి చూసుకునే తీరిక ఆ గొలుసులో ఎవరికి ఇచ్చారు, దానికి ఎవరు డబ్బులు కట్టారు అనేదే అసలు ప్రశ్న.

ఇలాంటి గోతులు ప్రతి రిపోర్టులో ఉంటాయి. హైపోటెన్షన్ అంటే బీపీ తగ్గడం హైపర్‌టెన్షన్ అంటే పెరగడం, డిస్ఫేజియా మింగడంలో ఇబ్బంది డిస్ఫేసియా మాటలో ఇబ్బంది, పేగులో ఉండే ఇలియం వేరు నడుము కింద ఎముక ఇలియం వేరు, స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా, పలికితే తేడాయే తెలీదు. సెలెబ్రెక్స్ కీళ్ళనొప్పులకి, సెలెక్సా డిప్రెషన్‌కి, సెరెబిక్స్ ఫిట్స్‌కి, ఫోన్లో గొణిగితే మూడూ ఒకటే. ఎసింప్టమాటిక్ అన్నాడా, ఏ సింప్టమాటిక్ అన్నాడా, చిన్న గ్యాప్‌తో లక్షణాలు లేని మనిషి కాస్తా ఉన్న మనిషి అయిపోతాడు. హైడ్రాలజీన్ బీపీకి, హైడ్రాక్సిజీన్ దురదకి. ఇలాంటి పేర్లు తారుమారు కాకుండా తేడా ఉన్న అక్షరాలని పెద్దగా రాసే పద్ధతిని అమెరికాలో మందులని నియంత్రించే ఎఫ్‌డీఏ 2001 నుంచి ముందుకు తీసుకొచ్చింది. 2004లో అక్కడి ఆస్పత్రులకి గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ కూడా యూనిట్స్‌కి పొట్టిగా యు అని రాయొద్దు, 5 అని రాయాల్సిన చోట 5.0 అని రాయొద్దు, పాయింట్ 5 అయితే ముందు సున్నా పెట్టాల్సిందే అని లిస్టు పెట్టింది. మంచి రూల్సే, కానీ అన్నీ కంటి కోసం పెట్టినవి. చెవి దగ్గర జరిగే తప్పుని ఆపడానికి వింటున్న మనిషి, ఆ మనిషికున్న టైము తప్ప ఇంకో అడ్డుకట్ట లేదు.

మరి ఆ మనిషికి మార్కులు ఎలా వేస్తారో చూడండి. క్యూఏ, అంటే మన రిపోర్టుల నాణ్యత చూసేవాళ్ళు, వేసే స్కోరు 98 శాతం పైన ఉండాలి, తగ్గితే ఇన్సెంటివ్ పోతుంది లేదా నీ రిపోర్టులన్నీ ఇంకొకరు చూశాకే వెళ్తాయి. తప్పు కొడితే మార్కులు పోవడం న్యాయమే, మందు పేరు తప్పైనా లెఫ్ట్ రైట్ తారుమారైనా క్రిటికల్ ఎర్రర్ పడాల్సిందే. కానీ చాలా కంపెనీల్లో బ్లాంక్‌కి కూడా మార్కులు పోతాయి. నాలుగుసార్లు విని తేలక నిజాయితీగా ఖాళీ వదిలినవాడికీ, బద్ధకంగా వదిలేసినవాడికీ అక్కడ తేడా లేదు. దీనివల్ల కొత్తగా చేరిన పిల్లలు ఏం నేర్చుకుంటారు? ఖాళీ వదిలితే కోత ఖాయం, ఊహించి కొడితే దొరక్కపోవచ్చు, పైగా లైన్ కూడా పడుతుంది. నేను కొత్తవాళ్ళ రిపోర్టులు చూసినప్పుడు గమనించింది ఇదే, తెలీక చేసే తప్పులు కొన్ని నెలల్లో తగ్గిపోతాయి, బ్లాంక్ భయంతో చేసే ఊహలు మాత్రం సీనియర్లయ్యాక కూడా ఉంటాయి, ఇంకా నమ్మకంగా చేస్తారు.

డాక్టర్లని తిట్టుకోని ఎంటీ ఉండరు, ఆ తిట్లలో కొన్నింటికి కారణం ఉంది. తింటూ చెప్పేవాళ్ళు, కారు నడుపుతూ చెప్పేవాళ్ళు, నోటికి రికార్డర్ ఆనించి బుసలు కొట్టేవాళ్ళు, మొత్తం అయ్యాక చివర్లో తీరిగ్గా, అన్నట్టు మూడో పేరాలో నేను చెప్పింది తీసేసి ఇది పెట్టండి అనేవాళ్ళు, కుడి మోకాలితో మొదలుపెట్టి ఆపరేషన్ ఎడమ మోకాలికి చేశామనేవాళ్ళు. అయినా నేను వాళ్ళని పూర్తిగా తప్పుపట్టను, రోజంతా పేషెంట్లని చూసి ఆ రాత పని కూడా చేస్తున్నారు. నా బాధ ఏంటంటే అటూ ఇటూ మాట్లాడుకునే దారే లేదు. ఒకే డాక్టర్ గొంతు ఏళ్ళ తరబడి వింటాం, ఏ మాట మింగేస్తాడో ఏ మందుని ఎలా పలుకుతాడో మనకి తెలుసు, ఆయనకి మాత్రం మనమొకరం ఉన్నామనే తెలీదు. సార్, యూనిట్లు చెప్పేటప్పుడు అంకెలు విడివిడిగా వన్ ఫైవ్ అనండి అని ఒక్క ముక్క ఆయనదాకా చేరితే ఎన్ని బ్లాంకులు పోతాయో. చేరదు, మధ్యలో ఉన్న కంపెనీకి క్లయింట్‌ని ఇబ్బంది పెట్టడం ఇష్టం ఉండదు.

పని దొరకడం ఇంకో తలనొప్పి. ఒకరోజు సిస్టమ్‌లో ఒక్క ఫైలూ ఉండదు, లాగిన్ అయి ఊరికే కూర్చోవాలి, ఇంకోరోజు కుప్పలుగా వచ్చిపడతాయి, రెండు గంటల్లో వెళ్ళాల్సిన స్టాట్ ఫైళ్ళు కూడా అందులోనే. స్పష్టంగా చెప్పే డాక్టర్ల ఫైళ్ళు ముందే ఎవరో ఎత్తేసుకుంటారు, అర్థంకాని యాసలు మిగిలినవాళ్ళకి. 2017 జూన్‌లో నాట్‌పెట్యా సైబర్ దాడి జరిగినప్పుడు న్యూయాన్స్ కంపెనీ ట్రాన్స్‌క్రిప్షన్ సిస్టమ్స్ వారాల తరబడి దెబ్బతిన్నాయి. సిస్టమ్ లేకపోతే ఫైల్ లేదు, ఫైల్ లేకపోతే లైన్ లేదు, లైన్ మీద బతికేవాళ్ళకి అలాంటి రోజుల అర్థం ఏంటో విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక స్పీచ్ రికగ్నిషన్. ఇది వచ్చాక ఎంటీలని ఎడిటర్లు అన్నారు, మెషిన్ కొట్టేసిన డ్రాఫ్ట్‌ని విని సరిచేస్తే చాలు, పని తేలికైంది కాబట్టి రేటు తగ్గిస్తున్నాం అన్నారు, చాలాచోట్ల టైపింగ్ రేటులో సగానికి తెచ్చారు. పని తేలికవ్వలేదు. మెషిన్ స్పెల్లింగ్ తప్పు చెయ్యదు, సరైన స్పెల్లింగుతో తప్పు మాట పెడుతుంది. వాక్యం చూడ్డానికి చక్కగా ఉంటుంది, కన్ను జారిపోతుంది, డాక్టర్ అన్న నో ఒక్కటి ఎగిరిపోయి నో చెస్ట్ పెయిన్ కాస్తా చెస్ట్ పెయిన్ అయ్యిందని చెవిపెట్టి వింటే తప్ప పట్టుకోలేం. సొంతంగా కొట్టేటప్పుడు ప్రతి మాట మన చెవిలోంచి వెళ్ళాల్సిందే, ఎడిటింగ్‌లో అలా కాదు, అందుకే ఇంకా ఎక్కువ ఆగాలి. పైగా స్పష్టంగా మాట్లాడేవాళ్ళ ఫైళ్ళని మెషిన్ బాగానే రాసేస్తుంది, మన టైమంతా తినేది మిగతావే, రేటు మాత్రం అన్నిటికీ ఆ సగమే.

దీని మీద 2018లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే మెడికల్ జర్నల్‌లో ఒక స్టడీ వచ్చింది, 217 క్లినికల్ నోట్స్ తీసుకుని దశల వారీగా తప్పులు లెక్కపెట్టారు. మెషిన్ రాసిన డ్రాఫ్ట్‌లో తప్పుల రేటు 7.4 శాతం. ట్రాన్స్‌క్రిప్షనిస్ట్ చూశాక 0.4. ఆ తర్వాత డాక్టర్ చదివి సంతకం పెట్టాక 0.3. అంటే దాదాపు తగ్గుదలంతా మధ్యలో ఉన్న ఆ మనిషి చేతుల్లోనే జరిగింది, ఏ దశకి రేటు సగం చేశారో అదే దశలో. ఈ అంకెలు చూశాక కూడా ఎడిటింగ్ తేలిక పని అని ఎలా అంటారో నాకు అర్థం కాదు.

రేటు ఇలా కోసుకుంటూ పోతే ఏమవుతుందో 2003లోనే ఒకసారి బయటపడింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక యూనివర్సిటీ మెడికల్ సెంటర్ ఇచ్చిన పని ఒక కంపెనీ నుంచి ఇంకొకరికి, వాళ్ళ నుంచి మరొకరికి చేతులు మారి చివరికి పాకిస్తాన్‌లో ఒకామె దగ్గరకి చేరింది. ఆమెకి రావాల్సిన డబ్బులు ఎగ్గొట్టారు, ఆమె నా డబ్బులు ఇవ్వకపోతే పేషెంట్ల రికార్డులు ఇంటర్నెట్‌లో పెడతానని మెయిల్ పెట్టింది. అలా బెదిరించడం ముమ్మాటికీ తప్పే, ఆ పేషెంట్లు ఏం పాపం చేశారు. కానీ ఆ తర్వాత గొడవంతా రికార్డులు దేశం దాటొచ్చా లేదా అన్నదాని మీదే నడిచింది, చేసినవాళ్ళకి డబ్బులు అందకుండా పోయే ఆ గొలుసు గురించి పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

లైన్ కాకపోతే ఇంకెలా కొలుస్తాం అని మేనేజర్లు అడుగుతారు, అడగాల్సిందే. మార్గాలు లేకపోలేదు. ఆడియో నిమిషానికి రేటు పెట్టి, చెప్పే డాక్టర్ మాట అర్థం చేసుకోవడం ఎంత కష్టమో దాన్నిబట్టి గ్రేడు పెట్టొచ్చు, గంటకి జీతం ఇచ్చి లైన్లని పక్కన చూసుకోవచ్చు. టైముతో సహా ఫ్లాగ్ చేసిన బ్లాంక్‌ని క్యూఏ ముందు తను విని చూడాలి, తనకీ వినపడకపోతే దానికి ఒక్క మార్కు కూడా పోకూడదు. ఏ డాక్టర్ దగ్గర ఎక్కువ బ్లాంకులు వస్తున్నాయో నెలకొకసారి ఆస్పత్రికి లిస్టు వెళ్ళాలి. ఇవేమీ కొత్త టెక్నాలజీ అడగవు.

ఇప్పుడిక ఎడిటర్ కూడా అక్కర్లేదనే దశకి వచ్చాం. న్యూయాన్స్‌ని మైక్రోసాఫ్ట్ 19.7 బిలియన్ డాలర్లకి కొంటున్నట్టు 2021లో ప్రకటించి 2022లో తీసేసుకుంది. డాక్టర్ పేషెంట్ మాట్లాడుకుంటుంటే విని నోట్ తనే రాసేసే యాంబియంట్ టూల్స్ ఆస్పత్రుల్లోకి వేగంగా వస్తున్నాయి. డాక్టర్‌కి రాత్రిపూట రాత పని తగ్గుతుంది, ఆ లాభాన్ని నేను కాదనను. కానీ 2024లో విస్పర్ అనే స్పీచ్ మోడల్ మీద చేసిన స్టడీలో దాదాపు 1 శాతం ఆడియోల్లో ఎవరూ అనని మాటలు పుట్టించి రాసినట్టు తేలింది, మాటల మధ్య ఎక్కువ ఆగే మనుషుల ఆడియోల్లో ఇది ఇంకా ఎక్కువ. మనిషికి వినపడకపోతే బ్లాంక్ వదులుతాడు, ఇది మాత్రం మాటలు నింపేసింది. కొన్ని టూల్స్‌లో అయితే నోట్ తయారయ్యాక ప్రైవసీ పేరుతో ఆడియోనే తీసేస్తున్నారు. అనుమానం వచ్చి మళ్ళీ విందామన్నా వినడానికి ఏమీ ఉండదు. ఈ టూల్స్ కొనే ఆస్పత్రులు కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు మూడు విషయాలు రాయించుకోవాలి: డాక్టర్ సంతకం అయ్యి ఆ నోట్ మీద పేషెంట్‌కి అభ్యంతరం చెప్పుకునే గడువు దాటేదాకా ఆడియో ఉంచాలి, మెషిన్‌కి నమ్మకం లేని మాట దగ్గర బ్లాంక్ కనిపించాలి, డోసులూ అలర్జీలూ ఉన్న ప్రతి లైన్‌నీ ఒక మనిషి ఆడియోతో పోల్చి చూడాలి, చూసినందుకు ఆ మనిషికి గంట లెక్కన డబ్బులివ్వాలి.