డాక్టరేట్ అవ్వకే ఇవ్వండి

కర్నూలు చుట్టుపక్కల, కళాశాల జీపు పొద్దున బయలుదేరి భోజనం వేళకు తిరిగి రాగలిగిన ఊళ్లకు ఒక విశిష్టత ఉంది. నీళ్ల ట్యాంకరు ఎప్పుడు వస్తుందో సర్పంచికి కూడా తెలియదు గాని, పరిశోధకులు ఎప్పుడు వస్తారో చిన్నపిల్లలు సైతం చెప్పగలరు. సిద్ధాంత గ్రంథం సమర్పించే గడువు దగ్గరపడగానే వస్తారు. చేతిలో అట్ట, మెడలో గుర్తింపు కార్డు, సంచిలో రక్తపోటు యంత్రం, కొలత టేపు. జీపు అంతకంటే దూరం వెళ్లదు కాబట్టి వైద్యశాస్త్రం దృష్టిలో కర్నూలు జిల్లా అక్కడితో ముగుస్తుంది. ఆ తరువాత ఉన్నవారికి జబ్బులున్నాయో లేవో ఇంతవరకు రుజువు కాలేదు.

అలాంటి ఒక ఊరిలో ఒక అవ్వ ఉంది. వీధి అరుగు మీద కూర్చుంటుంది, దొరుకుతుంది, కాదనదు. పరిశోధనకు ఇంతకంటే ఉత్తమమైన వ్యక్తి ఉండరు. మధుమేహంపై అవగాహన, రక్తహీనతపై అవగాహన, మరుగుదొడ్డిపై అవగాహన, కొన్నిసార్లు అవగాహనపై అవగాహన, అన్నింటికీ ఆమె జవాబులు ఇచ్చింది. వైద్య పరిశోధనలో ఈసారి ఇచ్చే పీహెచ్‌డీ ఏదైనా సరే, ఆమెకే ఇవ్వాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను.

ముందుగా ఆమె పాండిత్యం. ఆడవారి నడుము 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదమని అవ్వకు తెలుసు. టేపు బిగించిన కొత్త అమ్మాయికి "ఊపిరి వదిలాక కొలవాలమ్మా" అని చెప్పేది ఆమే. ఊరిలో నాలుగు వందల మందినే ఎందుకు అడుగుతారో కూడా తెలుసు. జబ్బు ఎంతమందికి ఉందో తెలియనప్పుడు సగం మందికి ఉందనుకోమంటుంది గణాంకశాస్త్రం. పొరపాటు అయిదు శాతం దాకా ఫరవాలేదనుకుని, పరిశోధకులు ముద్దుగా నాలుగు పీక్యూ అని పిలుచుకునే సూత్రంలో వేస్తే సరిగ్గా 400 వస్తుంది. మనకు ఏమీ తెలియదని లెక్కకట్టి చెప్పే సంఖ్య అది. ఒకసారి ఒక అబ్బాయి ఏడుపు ముఖంతో మళ్లీ వచ్చాడు. ఫలితానికి విలువ ఉందనిపించుకోవాలంటే కంప్యూటరులో 0.05 కంటే తక్కువ రావలసిన అంకె 0.06 వచ్చిందట, ఇంకో నలభై మంది కావాలట. అవ్వ పక్క వీధిని కేకేసి పిలిచింది. సత్యం ఆ సాయంత్రానికి నిరూపితమైంది.

ఆమె సాధించిన అభివృద్ధి మరొకటి. బి.జి. ప్రసాద్ 1961లో ప్రతిపాదించిన వర్గీకరణ ప్రకారం తలసరి నెల ఆదాయాన్ని బట్టి కుటుంబాలను అయిదు తరగతులు చేస్తారు. ఒకటో తరగతి సంపన్నులది, అయిదో తరగతి అడుగున ఉన్నవారిది. ధరలు పెరిగినప్పుడల్లా ఆ హద్దులను పైకి జరుపుతారు. అవ్వ ఆదాయం మాత్రం ఉన్నచోటే ఉంది. అరుగు దిగకుండానే ఆమె నాలుగో తరగతి నుంచి అయిదో తరగతికి చేరుకుంది. బడి ముఖం చూడని మనిషి పై తరగతికి వెళ్లడం అదే మొదలు.

అయితే ఆమె అసలు ప్రతిభ ఇదేదీ కాదు. ఒక మధ్యాహ్నం జరిగిన ముచ్చట విన్నవించాలి. పరిశోధకురాలు ప్రశ్నావళి తెరిచింది.

"అవ్వా, చక్కెర జబ్బు కాళ్లను పాడు చేస్తుందని మీకు తెలుసా?"

అవ్వ వెంటనే జవాబు చెప్పలేదు. ఆ అమ్మాయి ముఖం చూసింది, ఎండకు కమిలిన చెంపలు చూసింది. "నీకు ఏమి కావాలి తల్లీ, తెలుసనాలా, తెలియదనాలా?" అని అడిగింది.

"మీకు నిజంగా తెలిసిందే చెప్పండి."

"పోయినేడు వచ్చిన అమ్మాయికి తెలుసనే చెప్పాను. పాపం, ముఖం మాడిపోయింది. అందరూ తెలుసంటే ఇక రాయడానికి ఏముంటుందంది. తెలియదని రాసుకో తల్లీ."

ఈ ఔదార్యం మీదనే మన వైద్య పరిశోధన నిలబడి ఉంది. చివరి అధ్యాయంలో "గ్రామీణుల్లో అవగాహన కొరవడింది, మరింత పరిశోధన అవసరం" అన్న వాక్యం రావాలంటే ఊరు అజ్ఞానంలో ఉండి తీరాలి. ఇన్నేళ్లుగా ఇన్ని ప్రశ్నలకు జవాబులు చెప్పి కూడా అజ్ఞానాన్ని చెక్కుచెదరకుండా కాపాడుకోవడం సామాన్యులకు సాధ్యం కాదు. "గట్టిగా ఏకీభవిస్తాను" మొదలుకొని "గట్టిగా విభేదిస్తాను" దాకా ఉండే అయిదు మెట్ల కొలమానాన్ని 1932లో అమెరికా మనస్తత్వవేత్త లైకర్ట్ కనిపెట్టినప్పుడు, ఎటూ తేల్చని మూడో మెట్టు మీద ఇంత నిబ్బరంగా కూర్చోగల మనిషి తుంగభద్ర ఒడ్డున పుడుతుందని ఊహించి ఉండడు.

ఇక నిబంధనల సంగతి. విశ్వవిద్యాలయాలను నియంత్రించే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠం ఆరేళ్లు. అవ్వ ఈ రంగంలో అంతకంటే చాలా ఎక్కువ కాలం నుంచి ఉంది. పన్నెండు క్రెడిట్ల కోర్సు చేయాలంటారు, ఆమె అరుగు మీదే ఇంకా ఎక్కువ చేసింది. గ్రంథచౌర్యంపై 2018లో వచ్చిన నిబంధనలు పది శాతం దాకా పోలికలను క్షమిస్తాయి, అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఇక్కడ కొంచెం ఇబ్బంది ఉంది. అవ్వ జవాబులు సొంతవే గాని, ఆమెను అడిగిన ప్రశ్నలు పోయినేటివి, వాటికి ముందేడువి, అక్షరం పొల్లుపోకుండా అవే. ఆ పాపం ఆమెకు అంటదని న్యాయ సలహా తీసుకోవచ్చు.

అర్హత దగ్గర గుమస్తాలు అడ్డుపడతారు. పీజీలో 55 శాతం మార్కులు ఏవి అంటారు. 1895లో భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు వచ్చి నిలబడినా ఆ మాటే అంటారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు వేసుకున్నందుకు ఎంబీబీఎస్‌కు బదులు అంతకంటే చిన్న పట్టా ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవలసి వచ్చిన మనిషి ఆయన. హార్వర్డ్‌లో పీహెచ్‌డీ వచ్చింది 1930లో. ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని అక్కడి సహపరిశోధకుడు ఫిస్క్‌తో కలిసి ప్రకటించింది మాత్రం 1925లోనే. బోదకాలుకు నేటికీ మింగిస్తున్న డీఈసీ మాత్ర ఆయన నడిపిన పరిశోధన నుంచి వచ్చిందే. పనికొచ్చే పని ముందు చేసి పట్టా తరువాత పుచ్చుకోవడం మన పద్ధతి కాదు. ఆ దరఖాస్తును ఏ కార్యాలయమైనా ఏదో ఒక జిరాక్సు తక్కువైందని వెనక్కి పంపుతుంది.

సమ్మతి పత్రం దగ్గర అవ్వ ఒకసారి ఇరుకున పెట్టింది. "మీరు ఎప్పుడు కావాలంటే అప్పుడు ఈ అధ్యయనం నుంచి తప్పుకోవచ్చు, అందువల్ల మీ వైద్యానికి ఏ లోటూ రాదు" అని పరిశోధకుడు చదివి వినిపించాడు. "మరి నువ్వో నాయనా?" అంది. అతను తల దించుకున్నాడు. అతనికి అలాంటి పత్రం ఎవరూ ఇవ్వలేదు. గైడు సంతకం కోసం వరండాలో నిలబడే ఏళ్లకు, కమిటీ వాయిదాలకు, సగంలో బదిలీ అయిన గైడుకు, తప్పుకునే హక్కు గురించి ఏ పేరాలోనూ లేదు. నైతిక కమిటీలో ఒక సామాన్యుడు తప్పక ఉండాలని నిబంధన ఉంది గదా, ఆ కుర్చీలో ఎంతటి అసామాన్యులను వెతికి కూర్చోబెడతారో అందరికీ తెలుసు. అవ్వను అక్కడ కూర్చోబెడితే రెండు పక్షాలకూ న్యాయం జరుగుతుంది.

అన్నిటికీ మించి, ఆమె దగ్గర సొంత పరిశోధన ఉంది. జవాబు చెప్పిన ప్రతిసారీ అవ్వ కూడా ప్రశ్నలు వేసింది. ఏ ఊరు, స్టైపెండ్ వస్తుందా, పెళ్లయిందా, ఇంకా ఎన్నాళ్లు. మూడేళ్ల తరువాత అదే ప్రశ్నావళితో తిరిగి వచ్చిన అమ్మాయిని గుర్తుపట్టి, చిక్కిపోయావేమని అడిగింది. ఎవరు మధ్యలో మానేసి ఉద్యోగంలో చేరారో, ఎవరి గైడు పదవీ విరమణ చేశాడో, ఎవరికి చదువు తెమలక సంబంధాలు తప్పిపోయాయో అన్నీ నోటికి చెబుతుంది. పరిశోధకులపై ఇంత సుదీర్ఘకాలం సాగిన అధ్యయనం జిల్లాలో మరొకటి ఉంటే చూపించండి. శాంపిల్ సైజుకు ఆమె ఏ సూత్రమూ వాడలేదు. వచ్చిన వారందరినీ తీసుకుంది.

వైవా అనే మౌఖిక పరీక్షలో బయటి పరీక్షకులు మీ అధ్యయనంలోని లోపం ఏమిటని అడుగుతారు. అవ్వ దాపరికం లేకుండా చెబుతుంది: రక్తం తీసుకుపోయినవారు ఉన్నారు, నడుము కొలుచుకుపోయినవారు ఉన్నారు, తిరిగి వచ్చి "అవ్వా, నీకు ఇది ఉంది, ఈ మందు వాడు" అన్నవారు దొరకలేదు, అందుకని ఆ పట్టిక ఖాళీగా ఉంది. పరీక్షకులు కంగారు పడనక్కరలేదు. ఆ ఫలితాలన్నీ సిద్ధాంత గ్రంథాలను దాచే వెబ్‌సైటు శోధ్‌గంగాలో భద్రంగా ఉన్నాయి. తుంగభద్ర ఒడ్డున పుట్టినదంతా చివరికి గంగలో కలవడం ఆచారమే.

వైవా నాటి విందు అభ్యర్థే పెట్టాలన్న అలిఖిత నిబంధనకు కూడా అవ్వ సిద్ధంగా ఉంది. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చేయిస్తానంది. తేదీ విషయంలో ఒక్కటే మనవి, పత్తి తీసే రోజుల్లో పెట్టవద్దు. అధ్యయనంలో పాల్గొన్నవారికి పోయిన కూలి చెల్లించవచ్చని 2017లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) రాసిపెట్టింది. ఆ సంగతి అవ్వకు తెలుసా అని మాత్రం ఇంతవరకు ఏ ప్రశ్నావళీ అడగలేదు.