మన గబ్బిలాలకు పరాయి పేర్లు అంటగట్టకండి

కృష్ణా ఒడ్డున నాక్ట్యూల్ గబ్బిలం లేదు. సొప్రానో పిపిస్ట్రెల్ కూడా లేదు. రెండూ ఐరోపా గబ్బిలాలు. ముందు ఈ రెండు ముక్కలూ చెప్పేసి, తర్వాత నా కోపం సంగతి చెబుతాను.

ఇందాకే ఒక రిపోర్టు మెయిల్‌లో వచ్చింది. విజయవాడలో కాలవ గట్ల వెంట, ఏటి అవతల ఉండవల్లి కొండ కింద తోటల్లో గబ్బిలాల కూతల కోసం రాత్రిళ్ళు పెట్టిన రికార్డర్ల డేటా మీద రాసిన రిపోర్టు. ఆ రికార్డింగులు చూస్తున్నది నేను. నా పని ఇంకా అవలేదు. అవకముందే రిపోర్టు ఎలా తయారైందని ఫోన్ చేస్తే, ఆ కన్సల్టెన్సీ కుర్రాడు తాపీగా, "సాఫ్ట్‌వేర్‌లో ఆటో ఐడీ ఉంది కదా మేడం. రాత్రి రన్‌లో పెట్టి పడుకున్నాను, పొద్దున్నకల్లా జాతులన్నీ వచ్చేశాయి. మీలాగా ఒక్కో ఫైలూ తెరిచి చూస్తూ కూర్చుంటే ఎప్పటికి తేలుతుంది?" అన్నాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "క్లయింటుకి జాతుల పట్టిక ఉంటే చాలండీ, ఎవరు చెక్ చేస్తారు?" అని కూడా అన్నాడు.

ఎవరు చెక్ చేస్తారు! ఆ మాట నుంచి నేను ఇంకా తేరుకోలేదు. ఎవరూ చెక్ చేయరు కాబట్టే తప్పు పేరు ఒకసారి రిపోర్టులోకి ఎక్కితే ఇక దిగదు. రేపు ఇంకెవరో దీన్ని చూసి రాస్తారు. వాళ్ళది చూసి మరొకరు రాస్తారు. పదేళ్ళ తర్వాత ఏ పీజీ పిల్లో థీసిస్ కోసం వెతికితే, ఈ జిల్లాలో ఎన్నడూ ఎగరని గబ్బిలం ఈ జిల్లా పట్టికలో కనిపిస్తుంది.

ఈ పని ఏమిటో తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. పురుగులు తినే గబ్బిలాలు కూత పెట్టి, అది దేనికో తగిలి వెనక్కి వచ్చే ప్రతిధ్వనిని బట్టి దారీ తిండీ వెతుక్కుంటాయి. మన చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. వాటి కూతలు చాలావరకు అంతకంటే పైనే. అందుకని ఆడియోమాత్ లాంటి చిన్న రికార్డర్లని చెట్టుకి కట్టి వస్తాం. 384 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో ఆపకుండా రికార్డ్ చేస్తే గంటకి దాదాపు 2.8 జీబీ డేటా వస్తుంది. పొద్దుగూకిన దగ్గర్నుంచి తెల్లారేదాకా, అదీ ఒక్క రికార్డర్ కాకుండా ఎన్నో చోట్ల పెడితే ఎంత పోగవుతుందో మీరే లెక్కేసుకోండి. ఆ ఫైళ్ళని స్పెక్ట్రోగ్రామ్‌గా, అంటే కూతల బొమ్మగా మార్చి కంటితో చూడాలి. వినాలంటే పది రెట్లు నెమ్మది చేయాలి, అప్పుడు 50 కిలోహెర్ట్జ్ కూత 5కి దిగి మన చెవికి అందుతుంది.

కెలైడోస్కోప్, సోనోబ్యాట్, అనబ్యాట్ ఇన్‌సైట్, రావెన్, ఇంకా ఉచితంగా దొరికే బ్యాట్‌డిటెక్ట్2, ఇవన్నీ ఇందుకోసం ఉన్నవే. వాటి మీద నాకు ఏ కోపమూ లేదు. అవి లేకపోతే నేను ఒక వారం డేటా కూడా దాటలేను. వాన చప్పుడు, ఎండుటాకుల గలగల, కీచురాళ్ళు, మిడతలు. ఇవన్నీ మనకి వినపడని పైస్థాయిలో కూడా రొద పెడతాయని చాలామందికి తెలియదు. డెల్టాలో వానాకాలం రాత్రి అంటే ఫైలు నిండా పురుగులే. ఆ గోలలోంచి గబ్బిలం కూత ఉన్న ఫైళ్ళని ఏరి పక్కన పెట్టేది సాఫ్ట్‌వేరే. ఆ పని దానిదే, దాన్నే చేయనివ్వాలి.

పేరు పెట్టడం మాత్రం వేరే సంగతి. క్లాసిఫయర్‌కి, అంటే కూతని బట్టి జాతి పేరు చెప్పే ప్రోగ్రాముకి, ఏ జాతుల కూతలు నేర్పితే ఆ పేర్లే వస్తాయి. బ్యాట్‌డిటెక్ట్2లో మామూలుగా వచ్చే మోడల్ బ్రిటన్ గబ్బిలాల మీద తయారైంది. ఇతను వాడినది ఐరోపా క్లాసిఫయర్. దాని జాబితాలో మన గబ్బిలాలు లేవు. ఓటరు లిస్టులో మీ పేరు లేకపోతే పక్కింటాయన పేరు మీద ఓటేసి పొమ్మన్నట్టుంది ఇది. లేనప్పుడు 'తెలియదు' అని రాయాలి. నేను అలాగే రాస్తాను. '50 దగ్గర ముగిసే చిన్న కాల్, రకం ఒకటి' అని రాసి పెడతాను. పట్టికలో అది అందంగా కనపడదని క్లయింటుకి నచ్చదు.

సొప్రానో పిపిస్ట్రెల్ సంగతే తీసుకోండి. ఐరోపాలో ఎన్నో తరాలుగా గబ్బిలాలని చదువుతున్నవాళ్ళు కూడా 1990లలో గానీ దాన్ని విడి జాతిగా తేల్చుకోలేకపోయారు. కొన్ని 45 కిలోహెర్ట్జ్ దగ్గర, కొన్ని 55 దగ్గర కూస్తున్నాయని గమనించి, తర్వాత డీఎన్ఏ కూడా చూసి, ఒకటే అనుకున్న జాతిని రెండుగా విడగొట్టారు. అంత జాగ్రత్తగా తేల్చిన పేరు అది. మన పిపిస్ట్రెల్లస్ టెన్యూయిస్, కోరమాండ్రా కూడా ఇంచుమించు ఆ చుట్టుపక్కలే కూస్తాయి. దాంతో ఆ పేరు తెచ్చి బందరు కాలవ మీద ఎగిరేదానికి తగిలించేశాడు. నాక్ట్యూల్ కూడా ఇలాగే వచ్చి ఉంటుంది. రాతి గుహల్లో, పాత కోటల్లో ఉండే మన టాఫోజస్ గబ్బిలాలు 25, 30 దగ్గర గట్టిగా కూస్తాయి, బయట ఎత్తులో ఎగురుతాయి. క్లాసిఫయర్‌కి తెలిసిన కిందిస్థాయి కూత నాక్ట్యూల్‌ది. ఇంకేం, పేరు పడిపోయింది.

పైగా ఒకే గబ్బిలం అన్ని చోట్లా ఒకేలా కూయదు. ఆరుబయట అయితే పొడవుగా, చదునుగా కూస్తుంది. కొమ్మల మధ్యకో గోడల మధ్యకో వస్తే అదే గబ్బిలం పొట్టిగా, నిటారుగా కూస్తుంది. పురుగుని పట్టబోయే క్షణంలో కూతలన్నీ దగ్గరపడి ఒకటే ఝుమ్మంటుంది, దాన్నే ఫీడింగ్ బజ్ అంటాం. ఇవన్నీ కంటితో చూస్తే ఒకే గబ్బిలం అని తెలుస్తుంది. రిపోర్టులో మాత్రం అవి మూడు జాతులయ్యాయి.

నన్ను అన్నిటికంటే కుదిపేసింది ఇంకొకటి. ఉండవల్లి వైపు పెట్టిన రికార్డర్‌లో 130 కిలోహెర్ట్జ్ పైన అడ్డంగా చిన్న గీత, చివర్లో కిందికి వంగిన తోక. ముక్కు మీద ఆకులాంటి మడత ఉండే హిప్పోసిడెరోస్ గబ్బిలాల కాల్ అలాగే ఉంటుంది. వాటిలో స్పియోరిస్ అనే జాతి అయి ఉండొచ్చని నా అనుమానం. నేను ఆ ఫైళ్ళని విడిగా ఫోల్డర్‌లో పెట్టాను, రాత్రి ఒంటిగంటకి అవి చూస్తుంటే ఎంత సంతోషమేసిందో చెప్పలేను. రిపోర్టులో ఆ గబ్బిలం లేదు. ఎందుకు లేదంటే అతని ఫిల్టర్ 120 దగ్గర ఆగింది. అంతకంటే పైన ఉన్నదంతా రొద కింద పోయింది! ఇంకో రెండు చోట్ల అయితే కార్డులో ఎక్కువ రోజులు పడుతుందని రికార్డర్లనే 256 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో పెట్టారు. శాంపిల్ రేటులో సగం దాకే కూత పట్టుబడుతుంది, అంటే 128. హిప్పోసిడెరోస్ ఫుల్వస్ 150 దగ్గర కూస్తుంది. అక్కడ అది రాత్రంతా రికార్డర్ చుట్టూ తిరిగినా సరిగా పట్టుబడే దారి లేదు. ఈ సెట్టింగుల గురించి రిపోర్టులో ఒక్క వాక్యం లేదు. 'కనబడలేదు' అని మాత్రం ఉంది.

ఫైళ్ళ సంఖ్యని గబ్బిలాల సంఖ్యగా వేశారు. ఒక్క గబ్బిలం వీధి దీపం చుట్టూ గంటసేపు పురుగులు పడుతూ తిరిగితే ఎన్ని ఫైళ్ళు వస్తాయో ఈ పని ఒక్క రాత్రి చేసినవాళ్ళకి కూడా తెలుసు. దీని మీద ఇంకేం రాయను.

ఇక చివరి పేజీలో ఉన్న వాక్యం: 'ఈ ప్రాంతంలో పండ్లు తినే గబ్బిలాలు నమోదు కాలేదు.' పెద్ద పండ్ల గబ్బిలాలు, అదే టెరోపస్, కూతతో దారి వెతుక్కోవు. వాటికి పెద్ద కళ్ళున్నాయి, చూపుతో, వాసనతో తిరుగుతాయి. అల్ట్రాసౌండ్ రికార్డర్‌లో అవి పడవు. వాటిని చూడాలంటే సాయంత్రం తలెత్తి ఆకాశం వైపు చూస్తే చాలు. అది మానేసి, మెషిన్‌లో రాలేదు కాబట్టి లేవని రాశారు.

ఈ వాక్యం దగ్గర నాకు 2020 గుర్తొచ్చి కడుపు మండిపోయింది. లాక్‌డౌన్‌లో గుంటూరులో మా అమ్మవాళ్ళ వీధి చివర రావిచెట్టు. దాని మీద గబ్బిలాలు నేను పుట్టకముందు నుంచీ ఉన్నాయి. కరోనా గబ్బిలాల వల్ల వచ్చిందని వాట్సాప్‌లో తిరగగానే వీధిలో అందరూ కలిసి చెట్టు కొట్టించాలన్నారు. నేను వద్దని అడ్డం వెళితే, నన్ను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన బాబాయిగారే "నీకు మనుషులు ముఖ్యమా, గబ్బిలాలు ముఖ్యమా అమ్మాయ్?" అన్నారు. పెద్ద కొమ్మలన్నీ కొట్టేశారు. పట్టపగలు అవి ఎండలో దిక్కు తెలియకుండా తిరిగాయి. పిల్లల్ని పొట్టకి కరిపించుకున్న తల్లులు ఉన్నాయి వాటిలో.

నిఫా సంగతి నాకు తెలుసు. 2018లో కోళికోడ్‌లో ఏం జరిగిందో తెలుసు, ఆ వైరస్ ఈ పెద్ద గబ్బిలాల్లో ఉంటుందనీ తెలుసు. అందుకే కొరికి పడేసిన పండు తినొద్దనీ, వాటిని ముట్టుకోవద్దనీ చెబుతారు. గూడు చెదరగొట్టమని ఏ డాక్టరూ చెప్పలేదు.

చట్టం కూడా ఎన్నో ఏళ్ళు వీటిని అలాగే చూసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పండ్ల గబ్బిలాలు ఎలుకలు, కాకులతో పాటు ఐదో షెడ్యూల్‌లో ఉండేవి. అంటే చంపినా అడిగేవాళ్ళు లేరు. 2022 సవరణతో ఆ షెడ్యూల్ పోయింది. అది పోయిందని మన వీధుల్లో ఎంతమందికి తెలుసు? ఇప్పచెట్టు పూలకి పరాగసంపర్కం చేసేది ఇవే. పురుగులు తినేవైతే థాయ్‌లాండ్‌లో వరి దోమని తిని పంటకి ఎంత మేలు చేస్తున్నాయో పరిశోధకులు లెక్కకట్టారు. దోమ పడితే చేను మొత్తం ఎలా మాడిపోతుందో కృష్ణా డెల్టా రైతుకి నేను చెప్పాలా?

ఆ రోజు ఆ బాబాయిగారికి చూపించడానికి నా చేతిలో కాగితం లేదు. ఇప్పుడు కాగితం వచ్చింది, అందులో ఇక్కడ పండ్ల గబ్బిలాలు లేవని ఉంది. రేపు రోడ్డు వెడల్పు చేయాలని మర్రిచెట్టు కొట్టేటప్పుడు ఎవరైనా అడ్డం వెళితే ఈ పేజీయే చూపిస్తారు. ఆ కుర్రాడికి ఇది చెబితే "మీరు మరీ ఎమోషనల్ అవుతున్నారు మేడం" అన్నాడు. అవుతాను. చెట్టు కొట్టడం చూసినదాన్ని.

కర్ణాటకలో కోలార్ దగ్గర హనుమనహళ్ళిలో ఒక గుహ ఉంది. కోలార్ ఆకుముక్కు గబ్బిలం ప్రపంచం మొత్తంలో అక్కడొక్కచోటే మిగిలిందని తెలిసింది. చుట్టూ గ్రానైట్ తవ్వకాలు. అక్కడ అది ఉందని ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ళలాంటివాళ్ళు వెళ్ళి, చూసి, కొలిచి చెప్పారు కాబట్టి దాన్ని కాపాడాలన్న మాట వచ్చింది. అదీ హిప్పోసిడెరోసే. అక్కడికి ఎవరైనా ఐరోపా క్లాసిఫయర్ పట్టుకుని వెళ్ళి, రాత్రి రన్‌లో పెట్టి పడుకుని ఉంటే ఏమయ్యేది?

మనకి కావలసింది మన ఊరి కూతల లైబ్రరీ. అటవీశాఖ అనుమతితో గబ్బిలాన్ని వలతో పట్టి, కొలిచి, జాతి తేల్చి, వదిలేటప్పుడు దాని కూత రికార్డ్ చేసి పేరుతో దాచుకోవాలి. మదురై చుట్టుపక్కల గెర్హార్డ్ నాయ్‌వైలర్ అనే జర్మన్ శాస్త్రవేత్త అక్కడివాళ్ళతో కలిసి ఏ గబ్బిలం ఎక్కడ ఎలా వేటాడుతుందో, ఎలా కూస్తుందో 1980లలోనే రాశారు. అప్పటి పరికరాలతో. ఇప్పుడు అరచేతిలో పట్టే రికార్డర్ ఉంది, లాప్‌టాప్ ఉంది, ఉచిత ప్రోగ్రాములున్నాయి. రికార్డర్లు కొనడానికి బడ్జెట్ ఉంటుంది. సాఫ్ట్‌వేర్ లైసెన్సుకి ఉంటుంది. ప్రారంభోత్సవానికి శాలువాలకి కూడా ఉంటుంది. కూర్చుని చూసే మనిషికి మాత్రం "వాలంటరీగా చేస్తారు కదా మేడం" అంటారు.

నా పేరు ఆ రిపోర్టులోంచి తీసేయమని మెయిల్ పెట్టాను. అసలు ఫైళ్ళన్నీ నా దగ్గర ఉన్నాయి, హిప్పోసిడెరోస్ ఫోల్డర్‌తో సహా. నెలాఖరుకి నా వంతు చూడటం పూర్తి చేసి, పేరు తేలనివాటికి తేలలేదనే రాసి, సెట్టింగులన్నీ వివరంగా పెట్టి, విడిగా నేనే ఇస్తాను. గుంటూరు, పల్నాడు, ఎన్టీఆర్ జిల్లాల్లో ఎవరి దగ్గరైనా పాత సర్వేల రికార్డింగులు ఉంటే, ఆటో ఐడీ పట్టిక వచ్చేసింది కదా అని అసలు ఫైళ్ళని చెరిపేయకండి. సాఫ్ట్‌వేర్ రొద అని పక్కన పడేసిన 'నాయిస్' ఫోల్డర్ అసలే చెరిపేయకండి. హార్డ్ డిస్క్ నేను తెచ్చుకుంటాను, ఇన్‌బాక్స్‌లో చెప్పండి.