పదహారో స్థానం గారి సముఖానికి

మహారాజశ్రీ బుండెస్‌లిగా పాయింట్ల పట్టిక పదహారో స్థానం గారికి, ప్రతి మే నెలలో తమ గుమ్మం ముందు పడిగాపులు పడే జట్ల అభిమానుల్లో ఒకడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని రాయడం ఆనవాయితీ. తమరెప్పుడూ కుశలమే. మా సంగతి ఆఖరి శనివారం సాయంత్రం ఐదున్నరకు గానీ తేలదు.

బహిరంగ లేఖ కాబట్టి తమ హోదా ఏమిటో బయటివాళ్లకి ముందే చెప్పాలి. బుండెస్‌లిగా అంటే జర్మనీ ఫుట్‌బాల్ మొదటి డివిజన్. అందులో 18 జట్లు, ఒక్కోదానికి 34 మ్యాచ్‌లు. సీజన్ చివర 17, 18 స్థానాల్లో ఉన్నవాళ్లు మారుమాట లేకుండా రెండో డివిజన్‌కి దిగిపోతారు. 15లో ఉన్నవాళ్లు బతికిపోతారు. మధ్యలో తమరు. తమ దగ్గరికొచ్చిన జట్టు రెండో డివిజన్‌లో మూడో స్థానం తెచ్చుకున్న జట్టుతో ఇక్కడొకటి, అక్కడొకటి, రెండు మ్యాచ్‌లు ఆడి తేల్చుకోవాలి. సీజన్ అయిపోయింది, ఏదో ఒకటి తేలింది, ఇక ఇంటికెళ్లి ఏడుద్దాం అనుకున్నవాడిని మెడపట్టి మళ్లీ కూర్చోబెట్టడం తమ వృత్తి.

తమరు 1982లో కొలువులో చేరారు. 1991లో తీసేశారు. 2008–09 సీజన్‌కి మళ్లీ పిలిచారు. మధ్యకాలంలో, ఒక్క 1992లో తప్ప, మూడు జట్లు నేరుగా కిందికి పోయేవి. ఆ రోజులే బాగుండేవని అందామంటే 1999 మే 29 గుర్తొస్తుంది. ఆ మధ్యాహ్నం న్యుర్న్‌బెర్గ్ పన్నెండో స్థానంలో ఉండి ఆఖరి మ్యాచ్‌కి దిగింది. పన్నెండు! సొంతగడ్డ మీద ఫ్రైబుర్గ్ చేతిలో 2–1తో ఓడింది. అటు ఫ్రాంక్‌ఫర్ట్ 89వ నిమిషంలో కైజర్స్‌లౌటెర్న్ మీద ఐదో గోల్ కొట్టింది. రెండు జట్లకీ 37 పాయింట్లే. గోల్స్ తేడా కూడా రెంటికీ మైనస్ పదే. ఫ్రాంక్‌ఫర్ట్ సీజన్ మొత్తంలో 44 గోల్స్ కొట్టింది, న్యుర్న్‌బెర్గ్ 40. అంతే, న్యుర్న్‌బెర్గ్ కథ ముగిసింది, పదహారో స్థానంతో కిందికి పోయింది. అగాధం అంచు నుంచి మాట్లాడుతున్నామని ఆ రోజు న్యుర్న్‌బెర్గ్ రేడియో వ్యాఖ్యాత అన్న మాట జర్మనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పుడు తమరు డ్యూటీలో ఉండుంటే వాళ్లకింకో రెండు మ్యాచ్‌లు దక్కేవి. ఆ మేరకు తమ అవసరం ఉందనే ఒప్పుకుంటున్నాం. ఫిర్యాదు అవసరం గురించి కాదు, పద్ధతి గురించి.

ఏప్రిల్ వచ్చేసరికి మనుషుల్ని ఏం చేస్తున్నారో తమకి తెలుసా? అప్పటిదాకా మా జట్టు గెలవాలని కోరుకునే సాదాసీదా మనుషులం. తమరు కనబడగానే అవతలి జట్టు ఓడాలని కోరుకోవడం మొదలెడతాం. జన్మలో బయర్న్ మ్యూనిక్‌ని మెచ్చుకోనివాడు కూడా, ఆ వారం బయర్న్ పట్టికలో మా పక్కనున్న జట్టుతో ఆడుతుంటే టీవీ ముందు చేతులు జోడిస్తాడు. నలభై పాయింట్లొస్తే గండం గడిచినట్టేనని పెద్దలు చెప్పిన మాట మార్చిలో వల్లె వేస్తాం. ఏప్రిల్ చివరికి ముప్ఫై మూడు చాలదా అని బేరాలాడతాం. పట్టికలో అంకెలు మార్చి చూసుకుంటాం, ఎలా మార్చినా తమరి దగ్గరే తేలుతాం. ఇక ఆఖరి రోజు మ్యాచ్‌లన్నీ మూడున్నరకి ఒకేసారి మొదలు. రేడియోలో ఏదో స్టేడియం నుంచి కేక వినిపిస్తుంది. ఎవరు కొట్టారో వ్యాఖ్యాత చెప్పేలోపు ఒక మనిషి ఎంత టెన్షన్ పడగలడో అంతా పడిపోతాం.

2022లో హెర్తా బెర్లిన్ ఆ రోజు డోర్ట్‌ముండ్‌లో ఉంది. డ్రా చేసుకుంటే చాలు. 84వ నిమిషంలో గోల్ తిని 2–1తో వెనకబడింది. అయినా పదిహేనో స్థానం చెదరలేదు, ఎందుకంటే అటు స్టుట్‌గార్ట్, కోల్న్ 1–1 మీద ఉన్నాయి. 92వ నిమిషంలో స్టుట్‌గార్ట్ కెప్టెన్ వతారు ఎండో తలతో ఒక గోల్ కొట్టాడు. హెర్తాకీ స్టుట్‌గార్ట్‌కీ 33 పాయింట్లే, గోల్స్ తేడాలో స్టుట్‌గార్ట్ మేలు. ఇంకేముంది, అక్కడ జనం మైదానంలోకి దూకేశారు, కౌగిళ్లు, ఏడుపులు. సంబరం దేనికి? పద్దెనిమిదిలో పదిహేనో స్థానం వచ్చినందుకు! లీగు గెలిచిన బయర్న్ అభిమానులు కూడా అంత ఏడ్చి ఉండరు. ఇది తమరు కనిపెట్టిన ఆనందం. తమరి మొహం చూడకపోవడమే పండగ.

ఇక అసలు సంగతి. తమరి వడ్డీ వ్యాపారం.

హాంబర్గ్ సంగతే చెబుతున్నాను, తమకి గుర్తుండకపోదు. 1963లో బుండెస్‌లిగా పుట్టినప్పుడు ఉన్న జట్లలో 2014 నాటికి ఒక్కసారీ కిందికి దిగకుండా మిగిలింది అదొక్కటే. అందుకే డైనోసార్ అని ముద్దుపేరు. ఆ గొప్ప అందరికీ తెలియాలని స్టేడియంలో గడియారం పెట్టుకున్నారు: బుండెస్‌లిగాలో ఇన్నేళ్లు, ఇన్ని రోజులు, ఇన్ని గంటలు, నిమిషాలు, సెకండ్లు. దిష్టి తగులుతుందని ఎవరూ చెప్పినట్టు లేదు. 2014లో కేవలం 27 పాయింట్లతో తమ గుమ్మం ఎక్కారు. ప్రత్యర్థి గ్రాయ్టర్ ఫ్యుర్త్. మొదటి మ్యాచ్ 0–0, రెండోది 1–1. అవతలి ఊళ్లో కొట్టిన గోల్‌కి విలువెక్కువ అనే పాత నియమం మీద హాంబర్గ్ గట్టెక్కింది. ఒక్క మ్యాచ్ గెలవకుండా! ఫ్యుర్త్ కూడా ఒక్కటీ ఓడలేదు పాపం, అయినా ఉన్నచోటే ఉండిపోయింది.

మరుసటేడు మళ్లీ వచ్చారు. ఈసారి కార్ల్స్‌రూహె. హాంబర్గ్‌లో 1–1. కార్ల్స్‌రూహెలో 78వ నిమిషంలో ఆతిథ్య జట్టు గోల్ కొట్టింది, 90 నిమిషాలూ నిండాయి, గడియారం ఆగబోతోంది. రిఫరీ హ్యాండ్‌బాల్ అన్నాడు. ఆ హ్యాండ్‌బాల్ పేరెత్తితే కార్ల్స్‌రూహెవాళ్లకి నేటికీ ఒళ్లు మండుతుంది. మార్సెలో డియాజ్ ఫ్రీకిక్ గోడ దాటి వలలో పడింది. అదనపు సమయంలో 115వ నిమిషంలో నికొలై ముల్లర్ ఇంకొకటి. బతికారు. రెండో అప్పు కూడా మంజూరు చేసి తమరు చిరునవ్వుతో పంపించారు.

2018 మే 12న తమ దాకా కూడా రాలేకపోయారు. ఆఖరి మ్యాచ్ 2–1తో గెలిచారు, కానీ అటు వోల్ఫ్స్‌బుర్గ్ 4–1తో గెలిచి తమరి కుర్చీ పట్టుకుపోయింది. స్టాండ్స్‌లోంచి టపాసులు, నల్లటి పొగ, మైదానంలో గుర్రాల మీద పోలీసులు. ఆ గడియారాన్ని వెంటనే పీకేస్తారనుకున్నాం. లేదు, లెక్క మార్చి క్లబ్బు పుట్టిన 1887 నుంచి తిప్పారు. ఏడాది తర్వాత గానీ తీసేయలేదు. (గొప్పలు మానుకోవడానికి కూడా గడువు కావాలి కదా.)

అప్పటినుంచి తమరి వసూళ్లు మొదలు. 2022లో హాంబర్గ్ రెండో డివిజన్ మూడో జట్టుగా, అంటే బల్లకి అటువైపు నుంచి, తమ దగ్గరికి వచ్చింది. ఇటువైపు ఎండో గోల్ దెబ్బకి జారిన హెర్తా. బెర్లిన్‌లో 1–0తో హాంబర్గ్ గెలిచింది. సొంతూళ్లో 2–0తో ఓడింది. హెర్తా కోచ్ ఎవరనుకున్నారు? ఫెలిక్స్ మగాట్. 1983లో ఏథెన్స్‌లో యువెంటస్ మీద ఒకే ఒక్క గోల్ కొట్టి హాంబర్గ్‌కి యూరోపియన్ కప్ తెచ్చిపెట్టిన మనిషి. వసూలుకి ఎవరిని పంపాలో తమకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

2023 ఇంకా ఘోరం. జాండ్‌హౌజెన్‌లో హాంబర్గ్ 1–0తో గెలిచింది. రేగెన్స్‌బుర్గ్‌లో హైడెన్‌హైమ్ 2–1తో వెనకబడి ఉంది. అలాగే ముగిస్తే హాంబర్గ్ రెండో స్థానంతో నేరుగా పైకి. స్టేడియం మైకులో అభినందనలు కూడా చెప్పేశారు. జనం మైదానంలోకి దిగి ఒకరినొకరు ఎత్తుకుంటున్నారు. రేగెన్స్‌బుర్గ్‌లో మ్యాచ్ ఇంకా ఆడుతూనే ఉన్నారన్నది చిన్న వివరం. 93వ నిమిషంలో పెనాల్టీ, 99వ నిమిషంలో మరో గోల్, హైడెన్‌హైమ్ 3–2. మైదానంలో సంబరం చేసుకుంటున్నవాళ్లు అక్కడే తమ ఖాతాలోకి బదిలీ అయ్యారు. ఆ తర్వాత స్టుట్‌గార్ట్ 3–0, 3–1తో పని ముగించింది. రెండిచ్చారు, రెండు తీసుకున్నారు. చివరికి 2025లో హాంబర్గ్ తమ మొహం చూడాల్సిన పని లేకుండా రెండో స్థానంలో నిలిచి పైకొచ్చింది.

అందరికీ రెండో అవకాశం ఇస్తానని తమరు ప్రచారం చేసుకుంటారు. 2009 నుంచి 2025 దాకా లెక్క తీశాం. 17 సార్లు పోటీ జరిగితే 14 సార్లు పైజట్టే నిలబడింది. కింది నుంచి ఎక్కినవి మూడు: 2009లో న్యుర్న్‌బెర్గ్, 2012లో డ్యుసెల్‌డోర్ఫ్, 2019లో యూనియన్ బెర్లిన్. మొదటి డివిజన్ టీవీ డబ్బుతో కట్టిన జట్టుకి, రెండో డివిజన్ బడ్జెట్‌తో కట్టిన జట్టుకి మధ్య రెండే రెండు మ్యాచ్‌లు పెట్టి దాన్ని అవకాశం అంటున్నారు. 2025లో పదమూడు వేల జనాభా ఉన్న ఊరి జట్టు ఎల్వర్స్‌బెర్గ్ వచ్చింది. హైడెన్‌హైమ్‌లో 2–2 తెచ్చుకుంది. సొంత స్టేడియంలో 1–1 మీద అదనపు సమయం వైపు చూస్తుండగా 95వ నిమిషంలో హైడెన్‌హైమ్ గోల్. 2023లో 99, ఇప్పుడు 95. ఈ హైడెన్‌హైమ్‌కీ తమరికీ ఏదో లోపాయికారీ ఒప్పందం ఉంది, తేల్చండి.

ఇంత తిట్టాక ఒక్క మాట. 2024లో బోఖుమ్ సొంతగడ్డ మీద డ్యుసెల్‌డోర్ఫ్ చేతిలో 3–0తో ఓడింది. ఒకప్పుడు ఎంత కిందికి జారినా దిగకపోవడం వల్ల "దిగనివాళ్లు" అని పేరున్న క్లబ్బు అది. 1993లో మొదటిసారి దిగాక ఎన్నిసార్లు దిగి ఎక్కిందో దాని అభిమానులే లెక్క మానేశారు. మొదటి మ్యాచ్ అయ్యాక వాళ్లకి ఆశ అనేది మర్యాదకి కూడా మిగల్లేదు. నాలుగు రోజుల తర్వాత డ్యుసెల్‌డోర్ఫ్ వెళ్లి అదే 3–0 తిరిగిచ్చి, పెనాల్టీల్లో 6–5తో నిలబడ్డారు. అది చూసినవాళ్లు తమరిని రద్దు చేయమని సంతకం పెట్టరు. నేనూ పెట్టను. తమరికి ఆ సంగతి తెలుసు, అదే మా ఖర్మ.

కాబట్టి రద్దు అడగడం లేదు. రెండో డివిజన్ మూడోవాడికి రెండో మ్యాచ్ ఎలాగూ సొంతగడ్డ మీదే ఇస్తున్నారు, దాంతో ఒరిగేదేమీ లేదని అంకెలే చెబుతున్నాయి, ఇంకేదైనా ఇవ్వండి. ఇంకో మైదానంలో ఆట సాగుతుండగా ఏ మైకూ అభినందనలు చెప్పకూడదని ఒక నియమం పెట్టించండి. మా జట్టు వచ్చే ఏడాది తమ దగ్గరికి రావాల్సి వస్తే మొదటి మ్యాచే 3–0తో గెలిపించి పంపండి, బోఖుమ్ పద్ధతి మా గుండెలకి పడదు.

ఇట్లు,
తమరి కటాక్షం కోసం ఏప్రిల్‌లో మొక్కి, మే నెలలో తిట్టుకునే
ఒక అభిమాని

తా.క. పదిహేడో స్థానం గారికి విడిగా రాయడం లేదు. ఆయన ఏ ఆశా పెట్టడు, ఫోన్ కూడా ఎత్తడు, నేరుగా సామాను సర్దించేస్తాడు. ఆయనతో మాకు ఏ పేచీ లేదు.