చూపులేని ఓటరుతో జాగ్రత్త!

ఒడిశాలో పర్లాకిమిడి నుంచి గుణుపురం, రాయగడ దాకా మన తెలుగు వీధుల్లో ఓట్లడగబోయే అభ్యర్థుల క్షేమం కోరి ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. చూపులేనివాళ్ళు కొందరు కూడబలుక్కుని, ఈసారి అభ్యర్థిని అరుగు మీద కూర్చోబెట్టి ప్రశ్నలడగాలని చూస్తున్నారట. దీన్ని మొగ్గలోనే తుంచకపోతే ప్రజాస్వామ్యానికి ముప్పు.

అసలు ప్రచారమంటే ఏమిటి? ఫ్లెక్సీ, దండ, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, జోడించిన చేతులు, జుట్టున్న రోజుల్లో తీయించుకున్న ఫోటో. పెట్టిన ఖర్చంతా ఓటరు కంటి మీదే. చూపులేని మనిషి ముందు ఈ సరంజామా మొత్తం దండగ. ఆయనకు మిగిలేది అభ్యర్థి నోట్లోంచి వచ్చే మాట ఒక్కటే. ఆ మాటల సంగతి తెలిసినవాణ్ణి కనకే నా బెంగ.

"గుర్తు చూసి ఓటెయ్యండి" అని మైకు అరుస్తుంది. చూడలేనివాడు "నీ నంబరెంత?" అంటాడు. ఓటింగ్ యంత్రం మీద మీటల పక్కన బ్రెయిలీ అంకెలుంటాయి, వేలితో తడిమి తన ఓటు తానే వేసుకోగలడు. తన నంబరు తనకే గుర్తులేని అభ్యర్థి అప్పుడు పక్కవాడి మొహం చూడాలి. ఎన్నికల సామగ్రి అంతా వికలాంగులకు అర్థమయ్యేలా, అందేలా ఉండాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఎన్నికల సంఘాలకు చెప్పింది. అదృష్టం కొద్దీ పార్టీ కరపత్రాల ఊసు అందులో లేదు. పైగా మన దేశ భాషలకు వాడే భారతి బ్రెయిలీలో ఒకే ధ్వనికి తెలుగులోనూ ఒడియాలోనూ చాలావరకు అవే చుక్కలు. బస్టాండులో ఒడియా బోర్డు ముందు గుడ్లప్పగించి, ఇది బరంపురం బస్సేనా అని అందరినీ అడిగే మనకు ఆ సౌకర్యం కూడా లేదు.

తోడు విషయంలోనూ అన్యాయమే జరిగింది. చూపులేని ఓటరుకు తోడు వెళ్ళేవాడికి 18 ఏళ్ళు నిండాలట, ఆ రోజు ఇంకెవరికీ తోడు వెళ్ళకూడదట, ఎవరికి ఓటేశారో బయట చెప్పకూడదట. 1961 నాటి నిబంధనలు! ఊరందరి వేళ్ళూ తానే పట్టుకుని నొక్కించగల దయామయులు ప్రతి పార్టీలో ఉండగా ఇంత కట్టడి దేనికి?

ఏలినవారు కంటికోసం ఏమీ చెయ్యలేదనేవాళ్ళు మాత్రం కళ్ళు తెరవాలి. 2017 దాకా 6 మీటర్ల దూరంలో వేళ్ళు లెక్కపెట్టలేకపోతే అంధత్వమనేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతతో కలపాలని ఆ ఏడు దాన్ని 3 మీటర్లకు దించారు. చుక్కమందు పడలేదు, కత్తి తగల్లేదు, కట్టు కట్టలేదు. ఎంతోమంది అంధుల లెక్కలోంచి లేచి బయటికొచ్చేశారు. కలంతో శుక్లం తియ్యవచ్చని సుశ్రుతుడికైనా తోచిందా?

ఇక యాప్‌ల వైభవం. ఖాతా తెరవాలంటే కెమెరా ముందు కళ్ళార్పాలి. ఆర్పలేనివాడు బతికున్నాడని యంత్రానికి నమ్మకం కుదరదు. ఈ పద్ధతి మార్చి అందరికీ వీలయ్యేలా చెయ్యమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమేనంది. ఇలాంటి తీర్పులు చూపులేనివాళ్ళ చెవిన పడితే తర్వాత ఏం జరుగుతుందో ఊహించుకోండి.

అభ్యర్థి నల్లకళ్ళద్దాల సంచితో వస్తాడు, వెనకాల ఫోటోగ్రాఫరు.

"మామ్మా, నీకు కళ్ళద్దాలు తెచ్చాను."

"అద్దాలకేటి తొందర, కూకో బాబూ. చూపు 40 శాతం పోనాదని కాయితం రాయించుకోడానికి ఎన్నిసార్లు తిరగాల? నెలకోపాలి డాక్టర్ని ఈ ఊరికే రప్పిస్తావా? పదైదో తారీకున పంచాయతీ కాడ పింఛనిచ్చినప్పుడు, వేలిముద్ర దేని మీద ఏయిస్తన్నారో ఎవులైనా సదివి ఇనిపిస్తారా? ఈదిలో కాలవ మీద పలకలు ఎప్పుడేయిస్తావు? మా పక్కింటి గుంటడికి పరీక్ష రాసిపెట్టీవోడ్ని ఎవులు సూపిస్తారు? కొంచెం గట్టిగా సెప్పు నాయనా, మా మనవడు ఫోన్లో రికార్డు సేస్తన్నాడు."

గమనించారా? "మా మీద జాలి చూపించండి" అని ఒక్క మాట లేదు. జాలి అడిగితే ఇచ్చెయ్యొచ్చు, దానికి బడ్జెట్ అక్కర్లేదు. తారీకు అడుగుతోంది. గొంతు ఫోన్లో పడ్డాక "నేనలా అనలేదు" అనడానికీ ఉండదు. ఇలాంటి ముసలమ్మలు వీధికి నలుగురు తయారైతే పోటీకి ఎవరు ముందుకొస్తారు? ఆంధ్ర, ఒడిశా రెండు రాష్ట్రాలవాళ్ళూ వచ్చి ఓట్లడిగే సరిహద్దు కొటియా ఊళ్ళలో అయితే ఈ ప్రశ్నలకు రెండుసార్లు జవాబు చెప్పుకోవాలి.

అభ్యర్థులకు నా సలహా ఒకటే. చెప్పులు చేతబట్టుకుని, చప్పుడు కాకుండా మెట్లు దిగి, జవాబు చెప్పడానికి అనుచరుణ్ణి అక్కడ వదిలెయ్యండి. అతను గొంతు సవరించుకుని "అన్నీ చేయిస్తాం మామ్మా" అంటాడు. అక్కడితో గండం గడిచిందనుకోవడానికి మాత్రం లేదు.

"నువ్వెవరివి బాబూ? ఆ గొంతు ఇందాకే మెట్లు దిగిపోనాది. ఓసారి ఎనక్కి పిలు, ఇంకా మూడున్నాయి."