ఏకాంతం అమ్మబడును

ఊరికి దూరంగా, సముద్రం ఒడ్డున, పడకా తిండీ తాగుడూ అన్నిటికీ కలిపి ముందే ఒక మొత్తం కట్టించుకుని, చేతికి ప్లాస్టిక్ పట్టీ వేసి లోపలికి పంపే రిసార్టు మన నెల్లూరు తీరానికి తగునా తగదా అన్న అంశం మీద ఇంతవరకూ ఒక్క గంభీరమైన చర్చ కూడా జరగలేదు. ప్రజాస్వామ్యానికి ఇది మంచిది కాదు.

ముందు చరిత్ర. 1950లో గెరార్ బ్లిట్జ్ అనే బెల్జియం వాటర్‌పోలో ఆటగాడు స్పెయిన్‌లోని మయోర్కా దీవిలో గుడారాలు వేసి, అన్నిటికీ కలిపి ఒకటే రేటు అన్నాడు. క్లబ్ మెడ్ అనే రిసార్టుల సంస్థ అలా పుట్టింది. తర్వాత్తర్వాత అక్కడ బారులో డబ్బుకు బదులు మెడలోని పూసలు తీసిచ్చే పద్ధతి పెట్టారు. మెడలో ఉన్నది తెంచిచ్చి తాగడం మన జిల్లాకు తెలియని విద్యేమీ కాదు. తెంచేది ఆలి మెడలోది కావడమే తేడా. దానికి విసిగే కదా 1990ల మొదట్లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడింది. ‘ఎంతైనా తాగొచ్చు, అన్నీ ప్యాకేజీలోనే’ అనే బోర్డు పెట్టేవాళ్లు ముందు దూబగుంట వెళ్లి అనుమతి తెచ్చుకుంటే ఆరోగ్యానికి మంచిది.

ఇక లాభాలు. బిల్లు రాదు. ఇది చిన్న సంగతి కాదు. ట్రంకురోడ్డులో ఏ హోటలుకు నాలుగు కుటుంబాలు కలిసి పోయినా, చివర్లో కౌంటరు దగ్గర ‘నేనిస్తా ఉండబ్బా’, ‘నువ్వు జరుగు బావా’ అని పెనుగులాట తప్పదు. ఆ పెనుగులాటలో చొక్కా గుండీలు తెగినవాళ్లున్నారు. సరిగ్గా ఆ సమయానికే చెయ్యి కడుక్కోడానికి వెళ్లి, సబ్బు బాగా నురగొచ్చేదాకా తిరిగి రానివాళ్లూ ఉన్నారు. బిల్లే లేకపోతే చుట్టాల్లో ఎవరెట్టాంటివాళ్లో తేల్చుకునేదెట్టా? దీన్ని లాభాల కిందే రాశాను గానీ, పెన్సిలుతో రాశాను.

తిండి దగ్గరకొస్తే, మనవాడు ఆకలికి తినడు, కట్టిన డబ్బు రాబట్టడానికి తింటాడు. విడవలూరు పక్క రొయ్యల చెరువులున్న మా బావ ఆమధ్య మాల్దీవుల్లో ఇలాంటి చోటికి వెళ్లొచ్చాడు. చెరువులో ఎంత మేతకు ఎంత బరువు పెరిగిందని లెక్క కట్టినట్టే పూటపూటకీ తనకు తాను లెక్క కట్టుకున్నాడట. ప్లేట్లో రొయ్య కనిపిస్తే తోక పట్టుకుని పైకెత్తి, వెలుతురుకు తిప్పి చూసి, ‘ముప్పై కౌంటు, కిలోకు ముప్పై తూగే రకం. పర్లేదు’ అన్నాకే నోట్లో వేసుకున్నాడని అక్క చెప్పింది. నాలుగో రోజుకు మజ్జిగన్నం కోసం కళ్లనీళ్లు పెట్టుకున్న సంగతి బావ చెప్పలేదు. అదీ అక్కే చెప్పింది.

మన తీరంలో అయితే చేపల పులుసు ఉంటుంది కదా అంటారు. మామిడికాయ ముక్కలేసి పెట్టిన పులుసు ఆ రాత్రంతా ఊరి, తెల్లారాకే కదా దాని అసలు రుచి! రాత్రి పదిన్నరకు బఫే మూసి, మిగిలింది పారబోసే చోట దానికి తెల్లవారేది ఎప్పుడు? పైగా పిల్లలకు సెలవులిచ్చేది ఎండాకాలం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. అంటే గదులన్నీ నిండే రోజుల్లోనే బోట్లన్నీ ఒడ్డుకెక్కి ఉంటాయి. కిటికీలోంచి సముద్రం చూస్తూ, ఐసుపెట్టెలోంచి తీసిన ఎప్పటిదో చేప తినాలి. దానికీ రేటు తగ్గించరు.

అన్నిటికంటే పెద్ద ఆకర్షణ ఏకాంతమట. రోడ్డుండదు, సెల్లు పలకదు, అంగడుండదు, డాక్టరు అందడు. ఒక రాత్రికి వేలకు వేలు దీనికే. బకింగ్‌హాం కాలవకు అవతల మన పట్టపుపాళేల్లో, అంటే చేపలు పట్టేవాళ్ల ఊళ్లలో, ఇవన్నీ తాతల నాటి నుంచీ ఉన్నాయి. వాకిలి తీస్తే సముద్రమే. పాపం ఆ అమాయకులకు వాటి విలువ తెలియక, సోమవారం సోమవారం కలెక్టరాఫీసుకు పోయి, ఇవి మాకొద్దు సామీ అని అర్జీలు పెట్టుకుంటున్నారు.

అన్నీ కలిపిన ప్యాకేజీ కూడా వాళ్లకు కొత్త కాదు. తుపాను పట్టిందంటే ప్రభుత్వమే బండి పంపి, బడిలోనో షెల్టరులోనో దించి, పడకా పులిహోరా మందులూ ఏర్పాటు చేస్తుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడూ అదే మర్యాద. చాలాసార్లు ఇంటికి పోయేటప్పుడు బియ్యం కూడా ఇస్తారు. ఖాళీ చేసి పోయేవాడికి బియ్యమిచ్చి పంపే రిసార్టు మాల్దీవుల్లో ఉందేమో బావనడిగాను. సబ్బులు మాత్రం తెచ్చుకోనిచ్చారన్నాడు.

అందుచేత నా సలహా ఒకటే. వచ్చే సోమవారం పాళెం పెద్దలు అర్జీ తిరగరాయాలి. ‘దారి లేదు’ అన్నచోట ‘ప్రశాంత వాతావరణం’ అని, ‘టవరు లేదు’ అన్నచోట ‘ఫోన్ల బెడద లేదు’ అని, ‘ఇళ్లలోకి నీళ్లొస్తున్నాయి’ అన్నచోట ‘గదిలోంచే సముద్రస్నానం’ అని మార్చి, కింద రాత్రికి ఇంత అని రేటు వేయాలి. రోడ్డు మాట మాత్రం ఎత్తొద్దు. పొరపాటున మంజూరైతే రేటు పడిపోద్ది.