దోమగారి డ్యూటీ టైమింగ్స్

విశాఖలో టైముకు డ్యూటీ ఎక్కేది ఒక్క దోమే. ఈ మాట వెటకారానికి అనడం లేదు. మద్దిలపాలెంలో గెడ్డ పక్కనున్న ఇంట్లో ఏళ్ల తరబడి కాళ్లూ చేతులూ అప్పగించి మరీ చేసిన పరిశీలన. 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట కోసి మలేరియా గుట్టు పట్టాడు. నాకంత ఓపిక లేదు, చరిచి చూశాను.

స్టీల్ ప్లాంటులో లాగే వీటికీ షిఫ్టులున్నాయి. డెంగీ తెచ్చే ఏడిస్‌ది పగటి డ్యూటీ. పొద్దెక్కాక ఓసారి, పొద్దుగూకే ముందు ఓసారి గట్టిగా పనిచేస్తుంది. గెడ్డ మురుగులో పుట్టే క్యూలెక్స్‌ది నైట్ షిఫ్ట్. కుట్టేది ఆడదే, మగాళ్లు పువ్వుల తేనె తాగి కాలక్షేపం చేస్తారు. వాళ్ల సంసారం మనకెందుకు!

దోమ ఒంట్లోని గడియారం 24 గంటలదే అయినా, దాని ముల్లు అటూ ఇటూ జరిపేది వాతావరణం. దోమకు సొంతంగా ఒంటి వేడి ఉండదు. గాలి ఎంత వేడిగా ఉంటే దాని ఒళ్లూ అంతే. మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలో తిరిగితే ఎండిపోతుంది. అందుకే ఏడిస్ అమ్మగారు ఆ వేళ మంచం కిందో, తలుపు వెనక తగిలించిన నా నల్ల ప్యాంటు మడతలోనో కునుకు తీస్తారు. మొన్న ఆ ప్యాంటు దులిపితే నాలుగు లేచాయి. నిద్ర చెడగొట్టానని చిరాకు పడ్డాయి కూడా. జనవరి తెల్లవారుజామున బద్ధకించి, ఎండ కాస్త ముదిరాక వస్తాయి. అంతే తప్ప సెలవు పెట్టవు. సెలవు కావాలంటే లంబసింగి పోవాలి, ఇక్కడ సముద్రం అంత చలి పడనివ్వదు.

ఇక మా వీధికొచ్చే దోమల మందు పొగబండి. దానికి ఏ గడియారమూ లేదు. ఎప్పుడో ఓసారి, సరిగ్గా మధ్యాహ్నం రెండింటికి వస్తుంది. ఎగురుతూ ఆ పొగకు తగిలిన దోమే చస్తుంది, ఏడిస్ చూస్తే మంచం కింద. పైగా కాలిన రోడ్డు మీది వేడిగాలితో పాటు పొగ కూడా పైకి లేచి, మేడలు దాటి, సముద్రపు గాలి అందుకుని సింహాద్రి అప్పన్న దర్శనానికి బయల్దేరుతుంది.

మొన్న బండాయన్ని ఆపి అడిగాను.

"చల్లబడ్డాక, సాయంత్రం రావచ్చు కదయ్యా?"

"అప్పుడైతే దోమలు కుట్టేత్తాయి కద బాబూ!"