వలీమా విందులో రొయ్యల వేపుడు

నెల్లూరులో ఒక పెళ్లి కుదిరింది. అబ్బాయి వాళ్లు హనఫీలు, అంటే ఇస్లాం ధర్మశాస్త్రంలో ఇమామ్ అబూ హనీఫా మార్గం వాళ్లు. అమ్మాయి వాళ్లది హైదరాబాద్ బార్కస్. ఎప్పుడో యెమెన్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల సంతతి, షాఫియీలు, అంటే ఇమామ్ షాఫియీ మార్గం వాళ్లు. పెళ్లి తరవాత అబ్బాయి వాళ్లు ఇచ్చే వలీమా విందుకు వంటకాల జాబితా రాస్తూ పెళ్లికొడుకు అక్క రొయ్యల వేపుడు చేర్చింది. మేనమామ ఆ పంక్తి కొట్టేశాడు. మనుషులు కల్పితమే గాని, ఇలాంటి వాదన మన ముస్లిం ఇళ్లలో కొత్తేమీ కాదు.

మామ: బిర్యానీ ఉంది, దాల్చా ఉంది, కోడి కూర ఉంది, ఖుబానీ మీఠా ఉంది. ఇన్ని ఉండగా ఆ రొయ్యలే కావాలా బేటీ? హైదరాబాద్ జామియా నిజామియా మదర్సా ఇచ్చిన ఫత్వా మరిచిపోయావా? 2018 జనవరిలో పత్రికలన్నీ రాశాయి. రొయ్య చేప కాదు, తినడం మక్రూహ్ తహ్రీమీ, అంటే తీవ్రంగా అయిష్టమైనది, మానుకోవాలి అన్నారు.

మేనకోడలు: గుర్తుంది మామూ. వాళ్లు మక్రూహ్ అన్నారు. మీరు నిన్న వంటాయన ముందు హరాం అనేశారు.

మామ: మక్రూహ్ తహ్రీమీ అంటే హరాంకు ఆనుకుని ఉన్నదే. మానుకోవడం దగ్గరికి వచ్చేసరికి రెండూ ఒకటే.

మేనకోడలు: ఒకటే అయితే పండితులు రెండు పేర్లు పెట్టుకుని వందల ఏళ్లు తర్కించేవారు కాదు. తప్పనిసరి, మంచిది, చేసినా మానినా ఫర్వాలేనిది, అయిష్టమైనది, నిషిద్ధం అని ఇన్ని మెట్లు చెప్పారు. మన ఇళ్లలో రెండే మిగిలాయి. పెద్దవాళ్లకు నచ్చితే హలాల్, నచ్చకపోతే హరాం. ఇది హలాల్, ఇది హరాం అని నోటికొచ్చినట్లు అల్లాహ్ మీద అబద్ధాలు కల్పించకండి అని నహ్ల్ సూరా 116వ వాక్యం హెచ్చరించింది కూడా.

మామ: నేను కల్పించలేదమ్మా. ఇమామ్ అబూ హనీఫా మార్గంలో నీటి జీవుల్లో చేప ఒక్కటే హలాల్. చచ్చినవాటిలో మనకు అనుమతించినవి రెండు, చేప, మిడత అని ప్రవక్త మాటగా హదీసు ఉంది. ఇప్పుడు రొయ్యను చూడు. వెన్నెముక లేదు. తల తుంచి, పొట్టు ఒలిచి, వీపు చీల్చి ఆ నల్లటి నరం లాగుతారే, అలా ఏ చేపనైనా బాగు చేస్తారా? నడిచే కాళ్లే పది. రొయ్య చేప అయితే దానికి దగ్గరి చుట్టం పీత కూడా చేపే కావాలి. పీత పెడతావా విందులో?

మేనకోడలు: పెళ్లికూతురు వాళ్లు అడిగితే పెడతాను. సముద్రపు వేట, దాని ఆహారం మీకు హలాల్ చేశాం అని మాయిదా సూరా 96లో ఉంది. సముద్రపు నీరు శుద్ధమైనది, అందులో చచ్చినది హలాల్ అని ప్రవక్త అన్న హదీసూ ఉంది. ఇమామ్ షాఫియీ వాటిని విశాలంగా తీసుకున్నారు. అందుకే కేరళ మాపిళ్లలు, భట్కల్ వాళ్లు, మన బార్కస్ వాళ్లు నిశ్చింతగా తింటారు. ఒకే ఊళ్లో జామియా నిజామియా ఉంది, బార్కస్ ఉంది. వాళ్లందరూ హరాం తింటున్నారని ఏ ముఫ్తీ అయినా అన్నాడా?

మామ: అనరు. వాళ్ల ఇమామ్ చెప్పింది వాళ్లు పాటిస్తున్నారు, అది వాళ్ల హక్కు. నువ్వు షాఫియీవా?

మేనకోడలు: నేను హనఫీనే. హనఫీల్లోనే రొయ్య మీద ఒక్కమాట లేదు కదా. దేవబంద్ మదర్సా సంప్రదాయపు హనఫీ పండితుడు అష్రఫ్ అలీ థాన్వీ అనుమతించారు. జంతువుల మీద పెద్ద గ్రంథం రాసిన దమీరీ రొయ్యను ఎర్రటి చిన్న చేప అన్నాడు. అరబ్బులు చేప అని పిలిచినది చేపే అన్నది వాళ్ల ఆధారం. వెన్నెముక లెక్క తరవాతి జంతుశాస్త్రానిది.

మామ: అంటే జంతుశాస్త్రం వద్దు, పాత నిఘంటువు ముద్దు అంటావు. రేపు నీకు పనికొస్తే శాస్త్రం కావాలంటావు. నాకు భయం రొయ్య గురించి కాదు బేటీ. ఏ ఇమామ్ దగ్గర ఏది సులువుగా ఉంటే అది ఏరుకునే అలవాటు గురించి. షాఫియీల రొయ్య కావాలి, సరే. భర్త చెయ్యి తగిలితే వుజూ, అంటే నమాజుకు ముందు కడుక్కుని పొందే శుద్ధి, పోతుందని కూడా షాఫియీలు అంటారు. చలికాలం తెల్లవారుజామున ఫజర్‌కు మీ ఆయన తువ్వాలు అందిస్తూ చెయ్యి తగిలిస్తే మళ్లీ వెళ్లి చన్నీళ్లతో వుజూ చేసుకుంటావా?

(ఇక్కడ మేనకోడలు నవ్వింది. మామ దెబ్బ సరైన చోటే తగిలింది. నియమాన్ని రుచిని బట్టి మార్చుకునేవాళ్లను నిలవేయడానికి ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు.)

మేనకోడలు: చేసుకోను. ఒప్పుకుంటున్నాను. నేను తినకపోయినా ఫర్వాలేదు మామూ. అతిథుల కంచం సంగతి నేను అడుగుతున్నది. వాళ్ల ఇమామ్ మార్గంలో వాళ్లకు హలాల్ అయినదాన్ని మన పందిట్లో హరాం అనడం ఎంతవరకు మర్యాద?

మామ: హలాల్ స్పష్టం, హరాం స్పష్టం, మధ్యలో సందేహాస్పదమైనవి ఉన్నాయి, వాటికి దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్ని, పరువును కాపాడుకున్నాడు అని బుఖారీ హదీసు సంకలనంలో ఉంది. రేపు మన వైపు వాళ్లు ఎవరైనా తెలియక తింటే ఆ బాధ్యత నాదే.

మేనకోడలు: సందేహం వెంట పడి తవ్వమని మాత్రం ఆ హదీసు చెప్పలేదు. కొందరు మాంసం తెస్తున్నారు, కోసేటప్పుడు అల్లాహ్ పేరు చెప్పారో లేదో తెలియదు అని అడిగితే, మీరు పేరు చెప్పి తినండి అన్నారు ప్రవక్త. ఆయిషా గారు చెప్పిన హదీసు, అదీ బుఖారీలోదే. సరే, సందేహాలకు దూరంగా ఉందాం అంటున్నారు కాబట్టి అడుగుతున్నాను. మీ పొలం రొయ్యల చెరువుకే కదా కౌలుకిచ్చారు?

మామ: తినడం వేరు, అమ్మడం వేరు. కొనేవాళ్లకు ఉపయోగం ఉన్నదాన్ని అమ్మవచ్చు. పైగా నేను అమ్మడం కూడా లేదు. భూమి ఇచ్చాను, కౌలు తీసుకుంటున్నాను.

మేనకోడలు: నేనూ ఒప్పుకుంటాను, అందులో తప్పు లేదు. ఆ కౌలు డబ్బు ఎక్కడుంది?

మామ: బ్యాంకులో. ఇంట్లో పెట్టుకుంటామా?

మేనకోడలు: సేవింగ్స్ ఖాతాలోనా, ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనా?

మామ: వడ్డీ నేను తిననమ్మా. వేరుగా తీసి, పుణ్యం ఆశించకుండా పేదవాళ్లకు ఇచ్చేయాలి. పెద్దలు అలాగే చెప్పారు.

మేనకోడలు: చెప్పారు. కిందటి ఏడాది ఎంత ఇచ్చారు?

మామ: అది... మూడేళ్ల డిపాజిట్. వడ్డీ అసలులోనే కలుస్తూ పోతుంది. గడువు తీరాక లెక్క చూసి ఇవ్వవచ్చని...

మేనకోడలు: గడువు తీరింది కదా మామూ. పందిరికి, వంటాయనకు బయానా ఇచ్చింది అందులోంచే కదా. వడ్డీ విడదీశారా?

(కాసేపు మాట లేదు. మామ జాబితా మీదే చూస్తున్నాడు.)

మేనకోడలు: మిమ్మల్ని తక్కువ చేయాలని కాదు. రొయ్య మీద ఖురాన్‌లో పేరు పెట్టి ఒక్క మాట లేదు. వడ్డీ మీద బఖరా సూరాలో ఏముందో మీరే నాకు చిన్నప్పుడు చదివించారు. వ్యాపారం హలాల్, వడ్డీ హరాం. మానకపోతే అల్లాహ్‌తో, ఆయన ప్రవక్తతో యుద్ధమని 279వ వాక్యం. ఇమామ్‌ల మధ్య తేడా ఉన్న రొయ్యకు మన బంధువులంతా నోరు చేసుకుంటారు. వడ్డీ లెక్క ఎవరూ అడగరు. హరాం ఏమైనా కలిసిందేమోనని బిస్కెట్ పొట్లం వెనక అక్షరాలు కళ్లద్దాలు పెట్టుకుని చదివే మనం పాసుపుస్తకం తెరిచి చూడం.

మామ: ఆ తప్పు ఉందని ఈ తప్పు ఒప్పు కాదు కదా.

మేనకోడలు: కాదు. కానీ ఏది ముందు?

మామ: వడ్డీ సంగతే ముందు. కాదనను. రొయ్యల విషయంలో నా మాట నాదే, నేను ముట్టను. బార్కస్ వాళ్లకు పెట్టుకో. అటు చివర వేరే బల్ల వేయించు. వేరే నూనె, వేరే మూకుడు, వేరే గరిటె. రొయ్యలని పెద్ద అక్షరాలతో చీటీ పెట్టించు. తెలియక ఎవరూ వడ్డించుకోకూడదు.

మేనకోడలు: పెట్టిస్తాను. మరి డిపాజిట్?

మామ: వడ్డీ ఎంతో బ్యాంకులో అడిగి రాయించుకుంటాను. వలీమాకు ముందే తీసేద్దాం.

మేనకోడలు: కాగితాలు ఇవ్వండి, రేపు నేను వెళ్లి అడుగుతాను.

మామ: కాగితాలు మా ఆవిడ, మీ ముమానీ బీరువాలో ఉన్నాయి. డిపాజిట్ కూడా ఆమె పేరు మీదే ఉంది. ఆ వడ్డీతో గాజులు చేయించుకుందామని చూస్తోంది. ఆమెతో నువ్వే మాట్లాడు బేటీ, నా వల్ల కాదు.